కలిపి ఊదిన నిప్పు

ఆదివారం విహారంలో వందన, పంచశీల ముగిశాక పెద్ద పిల్లలను కూర్చోబెట్టి ఒక గంట ఇంగ్లీషు చెప్పడం మాకు అలవాటు. మొన్న లా ప్రవేశ పరీక్షకు చదువుకుంటున్న ఒక అమ్మాయి పాఠంలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. "సార్, 'కాన్‌ఫ్లేట్' అంటే 'కన్‌ఫ్యూజ్' లాంటిదేనా?" అని అడిగింది.

నిఘంటువు చెప్పే అర్థం చిన్నదే. వేర్వేరుగా ఉన్న రెండింటిని ఒకటే అనుకోవడం, ఒకటిగా కలిపేసి మాట్లాడటం. ఆ మాత్రం చెప్పి పాఠం ముందుకు నడిపించవచ్చు. కానీ అంతకు రెండు రోజుల ముందే మేము ఒక పల్లెటూళ్లో బడి మాస్టారు ఒకాయన ఇంటికి వెళ్లి, మా వల్ల జరిగిన తప్పుకు క్షమాపణ చెప్పుకొని వచ్చాం. ఆ తప్పును ఏమని పిలవాలో అప్పటిదాకా మాకు సరిగా తోచలేదు. ఆ అమ్మాయి అడిగిన మాటే దాని పేరు. అందుకే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు ఆ రోజు పిల్లలకు చెప్పాం. ఇక్కడ పాఠకులతోనూ పంచుకుంటున్నాం. మాట లాటిన్‌ది. అది లేవనెత్తే ప్రశ్న మాత్రం మనందరిదీ.

లాటిన్‌లో 'ఫ్లారె' అంటే ఊదడం. గాలి వీచినా, మనిషి నోటితో ఊదినా, వేణువు ఊదినా ఆ భాషలో ఈ క్రియే వాడతారు. దాని ముందు 'లోపలికి' అనే ఉపసర్గ చేరితే గాలి నింపడం. సైకిలు ట్యూబు మొదలు ధరల దాకా ఇంగ్లీషులో వాడే 'ఇన్‌ఫ్లేట్' అలా వచ్చింది. గాలి తీసేస్తే 'డిఫ్లేట్'. కడుపు ఉబ్బరానికి డాక్టర్లు వాడే మాట కూడా ఈ కుటుంబంలోదే. 'ఊదు' అనడానికి ఇంగ్లీషులో వాడే 'బ్లో', లాటిన్ 'ఫ్లారె' ఒకే పురాతన ధాతువు నుంచి చీలిన అక్కచెల్లెళ్లని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. అయితే మంట అనే అర్థంలో వాడే 'ఫ్లేమ్'కు ఈ క్రియతో చుట్టరికం లేదు. అది మండటం అనే వేరే ధాతువు నుంచి వచ్చింది. శబ్దం దగ్గరగా ఉంది కదా అని రెండింటినీ కలపకూడదు. మన పాళీలోనూ ఇలాంటిదే ఉంది. 'ధమతి' అంటే ఊదుతాడు. రక్తనాళానికి మనం వాడే 'ధమని' ఆ ధాతువులోదే. 'ధమ్మ' మాత్రం దానిది కాదు. అది ధరించడం, నిలిపి ఉంచడం అనే అర్థమున్న వేరే ధాతువు నుంచి వచ్చింది.

ఇక 'ఫ్లారె'కు ముందు 'కలిపి' అనే ఉపసర్గ చేరిస్తే 'కాన్‌ఫ్లారె'. కలిపి ఊదడం. ఇది విని పిల్లలు నవ్వారు. ఊదితే చెదిరిపోతాయి గానీ కలుస్తాయా అని వాళ్ల సందేహం. కొలిమి చూసినవాళ్లకు ఆ సందేహం రాదు. మా చిన్నప్పుడు ఊరి చివర కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి లాగడానికి పిల్లలం పోటీ పడేవాళ్లం. బొగ్గు ఊరికే ఉంటే ఎర్రగా కనకనలాడుతుంది, అంతే. తిత్తి గాలి తగిలితేనే దానికి లోహాన్ని లొంగదీసే వేడి వస్తుంది. తగరం కరగడానికి 232 డిగ్రీలు చాలు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. గాలి లేనిదే ఆ వేడి రాదు. వేడి లేనిదే రెండూ కలిసి కంచు కావు. కాబట్టి రోమనుల నోట కలిపి ఊదడం అంటే నిప్పు రాజేయడం, ఆ నిప్పులో లోహాలను కరిగించడం, కరిగించి ఒకటి చేయడం.

ఈ అర్థం రోము టంకశాలలో స్థిరపడి ఉంది. నాణేల తయారీని చూసుకునే ముగ్గురు అధికారుల పదవి పేరులోనే కంచు, వెండి, బంగారాలను 'ఊది, కొట్టేవారు' అని ఉంది. ఊదడమంటే పోత పోయడం, కొట్టడమంటే ముద్ర వేయడం. అగస్టస్ కాలపు నాణేల మీద ఆ పేరును పొడి అక్షరాల్లో చూడవచ్చు. చివర మూడు 'ఏ'లు, రెండు 'ఎఫ్'లు ఉంటాయి. ఆ మొదటి 'ఎఫ్' ఈ ఊదడమే.

తర్వాత కొన్ని శతాబ్దాలకు జెరోమ్ బైబిలును లాటిన్‌లోకి తెచ్చినప్పుడు అందులోనూ ఈ క్రియ ఎదురవుతుంది. ఎడారిలో జనం తమ చెవిపోగులు కరిగించి పోత పోసుకుని మొక్కిన దూడకు వాడిన విశేషణం ఈ క్రియ నుంచి వచ్చిందే. యెషయా ప్రవక్త గ్రంథంలో జనం కత్తులను కరిగించి నాగలి కర్రులు చేసుకుంటారన్న చోటా ఇదే క్రియ. ఒకే ఊపిరి మనిషి మొక్కే బొమ్మనూ పోసింది, అన్నం పెట్టే కర్రునూ పోసింది. కాబట్టి ఊదడంలోగానీ కలపడంలోగానీ దోషం లేదు. ఏం కలుపుతున్నాం, ఎందుకు కలుపుతున్నాం అన్న ఎరుకలోనే మంచిచెడ్డలు ఉన్నాయి. కంచు పోసేవాడికి రాగి ఎంత, తగరం ఎంత అన్న లెక్క తెలుసు. పోత పోశాక వాటిని కంటితో విడదీసి చూడలేమని కూడా తెలుసు. అందుకే పోయకముందే తూకం వేస్తాడు.

తూకం లేకుండా ఊదితే ఏమవుతుందో రోము చరిత్రే చెబుతుంది. లాటిన్ రచయితలు ఈ క్రియను లోహాలు దాటించి మనుషుల వ్యవహారాల్లోకి తెచ్చారు. యుద్ధాన్ని 'ఊది కూర్చడం', అప్పును 'ఊది కూర్చడం', ద్వేషాన్ని 'ఊది కూర్చడం' అన్నారు. క్రీ.పూ. 63లో జరిగిన కాటిలైన్ కుట్ర వ్యవహారంలో ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. కాటిలైన్ వెనక చేరినవాళ్లలో అప్పులు కుప్పపోసుకున్నవాళ్లు ఉన్నారని చెబుతూ చరిత్రకారుడు సాల్లస్ట్ వాడిన క్రియ ఇదే. ఆ ఏడాది కాన్సల్‌గా ఉన్న సిసిరో సెనేట్‌లో కాటిలైన్ మీద చేసిన మొదటి ప్రసంగంలో, తన మీద జనంలో ద్వేషం రగిలించడం గురించి మాట్లాడుతూ వాడిందీ ఇదే.

కానీ ఆ వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద కలిపివేత సిసిరోదే. ఆ డిసెంబరులో పట్టుబడిన అయిదుగురిని విచారణ లేకుండా చంపించాడు. వాళ్లు రోమన్ పౌరులు. ప్రజలకు అప్పీలు చేసుకునే అవకాశం ఇవ్వకుండా పౌరుడి ప్రాణం తీయరాదని రోము చట్టం. దాన్ని దాటడానికి సిసిరో చూపిన తర్కం ఏమిటంటే, ఆ చట్టం పౌరులకే గానీ దేశానికి శత్రువైనవాడు పౌరుడు కానేకాడు అని. నిందితుడు, శత్రువు అనే రెండు మాటలను ఒకే మూసలో పోశాడు. పోశాక విచారణ అవసరమే లేకపోయింది. అయిదేళ్లకు, క్రీ.పూ. 58లో, తీర్పు లేకుండా పౌరుణ్ణి చంపినవాడికి శిక్ష విధించే చట్టం వచ్చింది. సిసిరో రోము విడిచి ప్రవాసం పోవలసి వచ్చింది. ఆయన ఇల్లు కూల్చేశారు. తీసుకొచ్చినవాళ్లకు వాళ్ల పగలు వాళ్లకు ఉన్నాయి, అది వేరే సంగతి. మరుసటి ఏడాది ఆయన తిరిగి వచ్చాడు. చంపబడినవాళ్లు తిరిగి రాలేదు.

లా చదివే రోజుల్లో మాకు మొదటి ఏడాదే చెప్పిన పాఠం, నిందితుడు వేరు, నేరస్థుడు వేరు అని. విడిగా చూస్తే ఇది చిన్న పిల్లలకు కూడా అర్థమవుతుంది. కానీ కొలిమి వేడిలో ఉన్నప్పుడు సిసిరో అంతటి న్యాయవాదికే అర్థం కాలేదు.

ఇంగ్లీషులోకి వచ్చాక ఈ మాట కొంతకాలం పండితుల చేతుల్లో ఉంది. 1881లో వెస్ట్‌కాట్, హార్ట్ అనే ఇద్దరు పండితులు గ్రీకు కొత్త నిబంధనకు శుద్ధప్రతి ప్రకటించారు. పాత రాతప్రతులను పోల్చి చూస్తుంటే ఒక సంగతి వాళ్ల కంటపడింది. లూకా సువార్త చివరి వాక్యంలో కొన్ని ప్రతుల్లో శిష్యులు దేవుణ్ణి 'స్తుతిస్తూ' ఉన్నారని ఉంది, మరికొన్నింటిలో 'కీర్తిస్తూ' అన్న అర్థంలో వేరే మాట ఉంది. తర్వాతి కాలపు ప్రతుల్లో రెండూ ఉన్నాయి. రెండు పాఠాలూ తెలిసిన లేఖకుడు ఏదీ పోగొట్టుకోవడం ఇష్టంలేక రెండూ రాసి పెట్టాడని హార్ట్ వాదన. ఇలాంటి పాఠాలకు ఆయన పెట్టిన పేరు కూడా ఈ క్రియ నుంచి వచ్చిందే. ఆ లేఖకుడి ఉద్దేశం మంచిదే. కానీ మొదట ఏమి రాసి ఉందో ఆ ప్రతి చదివేవాడికి ఇక తెలియదు. చెడ్డ ఉద్దేశం లేకుండా కూడా నిజం కలిసిపోయి కనపడకుండా పోవచ్చని దీనివల్ల తెలుస్తోంది. ఈనాడు ఈ మాటకున్న అర్థం, రెండింటిని ఒకటిగా పొరబడటం, ఈ దారిలోదే.

బౌద్ధులమైన మనకు ఇది పుస్తకాల సంగతి కాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వును చూడండి. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవారిని షెడ్యూల్డ్ కులస్థులుగా పరిగణించరాదని దాని మూడో పేరాలో రాశారు. 1956లో అందులో సిక్కులను చేర్చారు. ఆ ఏడాదే అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ లక్షల మందితో ధమ్మదీక్ష తీసుకున్నారు. బౌద్ధులను ఆ పేరాలో చేర్చింది 1990లో. మధ్యలో 34 ఏళ్లు. మతం మారడం, కులం పెట్టిన కష్టం తీరడం ఒకటేనన్నట్టు చట్టం ఆ ముప్పై నాలుగేళ్లూ నడిచింది. దీక్ష తీసుకున్న మనిషి మనసు ఆ రోజే మారుతుంది. ఆ మనిషికి పొలం రాదు, ఊళ్లో ఇల్లు అద్దెకు దొరకదు, ఎదుటివాడి చూపు మారదు. ఈ తేడా చట్టంలోకి ఎక్కడానికి ఒక తరం పట్టింది. ఇప్పటికీ సర్టిఫికెట్ కోసం వెళ్లిన పిల్లలను "బౌద్ధులైతే మీకు కులం ఎక్కడిది?" అని అడిగే గుమస్తాలు మాకు తగులుతూనే ఉన్నారు. సవరణ కాపీ సంచీలో పెట్టుకుని తిరగడం మాకు అలవాటైంది.

దీనికి తలకిందులుగా ఉన్న కలిపివేత కూడా ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం రెండో వివరణలో, ప్రజలందరికీ సంబంధించిన హిందూ మతసంస్థలను అన్ని వర్గాలకు తెరవడం గురించిన ఉపభాగం కోసం, హిందువులు అంటే సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా వస్తారని రాశారు. దీన్ని చూపించి "రాజ్యాంగమే మిమ్మల్ని హిందువులంది" అని వాదించేవారు చాలామంది. ఒక నియమం ఎవరికి వర్తించాలో చెప్పడం వేరు, ఒక మనిషి విశ్వాసం ఏమిటో చెప్పడం వేరు. అక్కడ ఉన్నది మొదటిది మాత్రమే.

ఇంతవరకు ఇతరులు కలిపి ఊదినవే చెప్పాం. ఇప్పుడు మేము ఊదినదాని గురించి చెప్పాలి.

ఆ పల్లెటూళ్లో కిందటి వేసవిలో వాడలో ఒక పెళ్లి జరిగింది. ఊరేగింపు పెద్దవీధిలోకి రాగానే ఊరి కుర్రాళ్లు కొందరు అడ్డుకున్నారు. పెళ్లికొడుకును బండి మీద నుంచి లాగారు. డప్పు చించారు. తోపులాటలో వాడ కుర్రాడు ఒకడు రాయి విసిరాడు. ఊరిలో ఒకాయనకు తల పగిలింది. మర్నాడు పేపర్లో "ఇరువర్గాల ఘర్షణ" అని వచ్చింది. రెండు ఫిర్యాదులు, రెండు కేసులు నమోదయ్యాయి. రెండు మాటలే. ఆ రెండు మాటల్లో దారి అడ్డుకున్నవాళ్లూ, దారిన పోతున్నవాళ్లూ కరిగి ఒకటైపోయారు. రాయి విసరడం తప్పు. ఆ తప్పుకు ఆ కుర్రాడు చట్టం ముందు నిలబడాలని మేమే చెప్పాం. కానీ ఒక తప్పు ఉన్నంతమాత్రాన రెండు పక్షాల తూకం సమానం కాదు. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అన్న ప్రశ్న ఆ శీర్షికలో మాయమైంది.

వారం తిరగకుండా పెద్దమనుషులు శాంతి కమిటీ వేశారు. ఇద్దరూ కేసులు వెనక్కి తీసుకోండి, ఊరు చల్లబడుతుంది అన్నారు. మా వైపు తిరిగి, "మీరు బుద్ధుణ్ణి నమ్మినవాళ్లు, శాంతి గురించి మీకు మేం చెప్పాలా?" అని కూడా అన్నారు. ఇదీ కలిపి ఊదడమే. శాంతి వేరు, నోరు మూసుకోవడం వేరు. దెబ్బ తిన్నవాడు ఊరుకుంటే దెబ్బ కొట్టినవాడికి ప్రశాంతంగా ఉంటుంది. దాన్ని శాంతి అనడం ఆ మాటను అవమానించడమే.

ఇక్కడి వరకు మా వాదనలో బలం ఉంది. మాకు సాక్షి కూడా ఉన్నాడు. ఊరి బడిలో పనిచేసే మాస్టారు ఒకాయన తన అరుగు మీద నుంచి మొత్తం చూశారు. ఆయనా ఊరి కులం మనిషే. మొదటి రాత్రే మమ్మల్ని పిలిచి, "ముందు ఆపింది మావాళ్లే. ఎక్కడ అడిగినా ఇదే చెబుతాను" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆ ఊళ్లో ఎంత గుండె కావాలో మాకు తెలుసు.

నాలుగో రోజు వాడలో నిరసన సభ పెట్టాం. మా మిత్రుడు ఒకాయన మైకు అందుకున్నాడు. బాధలోంచే మాట్లాడాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కులంలో పుట్టినవాడు ఒక్కడూ మనిషి కాడన్నాడు. వేదిక మీద ఉన్న మేమందరం చప్పట్లు కొట్టాం. సభ వెనక వేపచెట్టు కింద మాస్టారు నిలబడి ఉన్నారని మాకు తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి ఆయన మా ఫోను ఎత్తలేదు. ఇంటికి వెళితే తలుపు తీయలేదు.

మైకులో మాట్లాడినవాడి మీద నెపం పెట్టి మేము తప్పించుకోవచ్చు. కానీ నిప్పు రాజుకోవడానికి ఒక్కడి గొంతు చాలదు. మా చప్పట్లే దానికి తిత్తి గాలి. "ఇరువర్గాలు" అని రాసిన విలేఖరిని తిట్టిన మేమే, నాలుగో రోజుకు దారి అడ్డుకున్న పదిమందినీ అరుగు మీద నుంచి నిజం చూసిన ఒక్కడినీ ఒకే మూసలో పోశాం. మనిషిని పుట్టుక బట్టి కొలిచే పద్ధతి మీద తిరుగుబాటుగా దీక్ష తీసుకున్నవాళ్లం, ఆ పద్ధతినే తీసుకుని ఆయన మీద వాడాం.

పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు ఆ అమ్మాయి సూటిగా అడిగింది. "అయితే కోపం తెచ్చుకోవడమే తప్పా సార్? బుద్ధుడు అన్నీ చల్లార్చుకోమన్నాడు కదా?" ఇది ఒక్క ఆ అమ్మాయి ప్రశ్న కాదు. వాడల్లో తిరిగే మన కార్యకర్తలందరినీ ఏదో ఒక రాత్రి నిద్రపోనివ్వని ప్రశ్న.

దీనికి జవాబు కూడా ఊదడంలోనే ఉంది. 'నిబ్బానం' అనే మాటలో ఉన్నది 'వా' అనే ధాతువు. గాలి వీయడం దాని అర్థం. వాయువు, వాతం అనే మాటలు అందులోవే. ముందు 'నిర్' చేరింది. అట్ఠకథాకారులు 'వాన' అంటే తృష్ణ అల్లిన అల్లిక అనీ, అందులోంచి బయటపడటమే నిబ్బానమనీ కూడా విడదీసి చెప్పారు. చాలామంది మాత్రం ఈ మాటను దీపాన్ని ఉఫ్‌మని ఊది ఆర్పేయడంగా ఊహించుకుంటారు. ఆ ఊహలోంచే బౌద్ధమంటే మనిషిలో ఉన్నదంతా ఆర్పేసుకోవడమన్న అపోహ పుట్టింది. పాళీలో ఆ క్రియకు ఆర్పేవాడు ఎవడూ లేడు. తెలుగువాళ్లకు ఇది వివరించడం తేలిక. మన భాషలో 'ఆర్పడం' వేరు, 'ఆరడం' వేరు. నిబ్బానం ఆరడం. వచ్ఛగోత్రుడనే పరివ్రాజకుడితో తథాగతుడు చెప్పింది ఇదే. గడ్డీ పుల్లలూ ఆధారంగా మంట మండుతుంది. అవి అయిపోయి, కొత్తవి వేయకపోతే ఆరుతుంది. ఆరిన మంట ఏ దిక్కుకు పోయిందని అడగడంలో అర్థం లేదు. పాళీలో 'ఉపాదానం' అంటే పట్టుకుని వదలకపోవడం, మంటకు వేసే ఇంధనం కూడా.

మరి ఏ మంటకు ఇంధనం ఆపాలి? గయాశీర్షం మీద, అంతకుముందు అగ్నిని పూజించి వచ్చిన వెయ్యిమంది భిక్షువులకు బుద్ధుడు ఆ మంటల పేర్లు చెప్పాడు. రాగం, ద్వేషం, మోహం. ఆయన చెప్పిన జాబితాలో న్యాయం కోసం నిలబడటం లేదు. ద్వేషం ఉంది. రెండింటినీ కలిపేసేది మనమే. మోహమంటే కూడా ఇదే, విడిగా ఉన్నదాన్ని విడిగా చూడలేకపోవడం. బాబాసాహెబ్ మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ సంగతిని ఆయన విడమరిచి చెప్పారు. నిబ్బానమంటే ఆరిపోయి లేకుండా పోవడం కాదనీ, రాగద్వేషాల మీద అదుపు సంపాదించి బతికుండగానే ధర్మమార్గంలో నడవగలగడమనీ ఆయన వివరణ. పరినిబ్బానాన్ని దీని నుంచి వేరు చేసి చూపారు. శాంతి కమిటీ పెద్దమనుషులు ఆ పేజీలు చదివి ఉంటే మమ్మల్ని ఆ ప్రశ్న అడిగేవాళ్లు కాదు.

సుభుడనే బ్రాహ్మణ యువకుడు ఒకసారి బుద్ధుణ్ణి, గృహస్థు గొప్పా, సన్యసించినవాడు గొప్పా అని అడిగాడు. తాను ఒక్క మాటలో తేల్చేవాణ్ణి కాననీ, విభజించి చెప్పేవాణ్ణనీ బుద్ధుడు జవాబిచ్చాడు. తప్పుగా నడుచుకుంటే ఎవరినీ మెచ్చుకోడు, సరిగా నడుచుకుంటే ఎవరినైనా మెచ్చుకుంటాడు. ఏ గుంపులో ఉన్నాడన్నది కాదు, ఏం చేశాడన్నది చూస్తాడు. పాళీలో ఈ విభజించి చెప్పడాన్ని 'విభజ్జ' అంటారు. లాటిన్ వాళ్ల కలిపి ఊదడానికి సరిగ్గా ఎదురుగా నిలిచే మాట ఇది. ఆ సభలో మాకు కొరవడింది ధైర్యం కాదు, ఈ విభజ్జ.

కోపం సంగతికి వస్తే, అంగుత్తర నికాయంలో మూడేసి అంశాల విభాగంలో కంసాలి ఉపమానం ఒకటి ఉంది. కంసాలి కుంపటి సిద్ధం చేసుకుని, పట్టకారుతో బంగారాన్ని అందులో పెడతాడు. సమయం చూసి ఊదుతాడు. సమయం చూసి నీళ్లు చిలకరిస్తాడు. సమయం చూసి ఏమీ చేయకుండా గమనిస్తాడు. ఊదుతూనే ఉంటే బంగారం మాడిపోతుంది. నీళ్లే చల్లితే చల్లబడిపోతుంది. చూస్తూనే కూర్చుంటే పాకానికి రాదు. మూడూ సమయానికి చేస్తే మెత్తబడి, మెరిసి, నగకు పనికొస్తుంది. చిత్తాన్ని సాధన చేసేవాడు కూడా ప్రయత్నాన్నీ, ఏకాగ్రతనూ, ఉపేక్షనూ ఇలాగే సమయం ఎరిగి వాడాలని బుద్ధుడు చెప్పాడు.

ఇందులో ఊదడం మానేయమని లేదు. ఊదుగొట్టం పారేసినవాడు కంసాలే కాడు. పెళ్లికొడుకును బండి మీద నుంచి లాగిన రోజున ఊదాలి. ఫిర్యాదు రాయించాలి, ఠాణా ముందు కూర్చోవాలి, గొంతు ఎత్తాలి. ఆ రోజున నీళ్లు చల్లమనేవాడు మన హితుడు కాడు. కానీ నాలుగో రోజున, చేతికి మైకు అందినప్పుడు, నీళ్లు చిలకరించవలసిన పని కూడా మనదే. సాక్ష్యం, దర్యాప్తు, వాయిదాలు నడిచే నెలల్లో ఓపికగా గమనించాలి. మేము ఊదవలసిన రోజున ఊదాం. ఆపవలసిన రోజున ఆపలేదు. బంగారం లాంటి ఒక సాక్ష్యం మా చేతిలోనే మాడిపోయినంత పని అయింది.

ఈ లెక్క చూసుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాతే మాస్టారి ఇంటికి వెళ్లాం. మైకులో మాట్లాడిన మిత్రుడు కూడా వచ్చాడు. రమ్మని మేము బలవంతం చేయలేదు. ఈసారి మాస్టారు తలుపు తీశారు. అరుగు మీదే కూర్చోమన్నారు. వాడ మనుషులతో ఆ అరుగు మీద కూర్చోవడం వీధంతా చూస్తోందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. మిత్రుడు, "మాస్టారూ, ఆ రోజు నేను అన్నది తప్పు" అన్నాడు. ఆయన వెంటనే ఏమీ అనలేదు. ఇంట్లోకి వెళ్లి ఆయనే కాఫీలు పట్టుకొచ్చారు. అందరికీ ఒకే రకం గ్లాసులు.

"మీరు నన్ను వాళ్లలో కలిపారు. ఇక్కడివాళ్లు నన్ను మీలో కలిపారు. నాలుగు నెలలుగా నాతో మాట్లాడే మనిషి లేడు" అన్నారు. మేము తల వంచుకున్నాం. కాఫీ తాగి లేచాక, సాక్ష్యం సంగతి ఎత్తాలా వద్దా అని మేము తటపటాయిస్తుంటే ఆయనే అన్నారు: "సమన్లు వస్తే వస్తాను. చూసింది చెబుతాను. మీకోసం కాదు."

మీకోసం కాదు అన్న మాట మొదట మా మనసుకు గుచ్చుకుంది. తోవలో ఆలోచిస్తే సరైన మాట అదే అనిపించింది. ఆయన సాక్ష్యం మా పక్షానిదీ కాదు, వాళ్ల పక్షానిదీ కాదు. అది ఆయన చూసినది. దాన్ని అలా విడిగానే ఉంచాలి.

కేసు నడుస్తోంది. వాయిదా మళ్లీ వచ్చే నెలకు పడింది. ఆదివారం తరగతిలో ఆ అమ్మాయి నోటుబుక్కులో ఇంగ్లీషు మాటకు ఎదురుగా, 'కలిపి ఊదడం' అని రాసుకుంది. దాని కింద, మేము చెప్పకుండానే, 'విభజ్జ' అని రాసి రెండు మాటల మధ్య అడ్డగీత గీసింది.